గీజరు కారితే కారనివ్వండి

ఆఫీసులో ఎవడైనా లాగ్ చూడకుండా సర్వరు రీస్టార్ట్ చేసి "అయిపోయింది" అంటే మనం ఊరుకోం. రూట్ కాజ్ ఏంటి అని మీటింగు పెట్టి మరీ దులిపేస్తాం. అదే ఇంటికొచ్చాక? కుళాయి కారితే కుళాయి మార్చు, గీజరు పోతే గీజరు మార్చు, నీళ్ళు సన్నగా వస్తే ఇంకో మోటారు పెట్టు. కారణం అడిగే నాథుడే ఉండడు.

నన్నడిగితే మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇళ్ళలో బాత్‌రూం కష్టాలకి చాలామటుకు మూడే మూలాలు: నీళ్ళలో సున్నం, పైపులో గాలి, గోడలో లేని ఎర్తు. మొదటి రెండూ డబ్బులు తింటాయి. మూడోది మనిషిని తింటుంది. అందుకే ఈ సోది.

ముందు సున్నం సంగతి. 2004లో కృష్ణా మొదటి దశ నీళ్ళు నగరానికి వచ్చాయి. నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి మన వనస్థలిపురం పక్కనున్న సాహెబ్‌నగర్ రిజర్వాయరుకి చేరతాయి. 2008లో రెండో దశ, 2015లో మూడో దశ. అంటే కృష్ణమ్మ మన గుమ్మంలోనే ఉన్నట్టు. అయినా ఇక్కడ చాలా ఇళ్ళలో రెండు రకాల నీళ్ళుంటాయి. నల్లా నీళ్ళు సంపులోకి, అక్కణ్ణుంచి వంటింట్లోకి. బోరు నీళ్ళు పైన ట్యాంకులోకి, అక్కణ్ణుంచి బాత్‌రూంలోకి. తాగేవి మంచివి ఉండాలి కదా, అందులో తప్పేం లేదు. కాకపోతే దీనివల్ల ఒక తమాషా జరుగుతోంది. ఇంట్లో అన్నిటికన్నా ఉప్పగా ఉండే నీళ్ళని, వాటిని మరగబెట్టే యంత్రం ఉన్న చోటికే పంపిస్తున్నాం!

ఉప్పు నీళ్ళు అంటాం గానీ అసలు గొడవ కాల్షియం బైకార్బొనేట్‌తో. నీళ్ళు వేడెక్కగానే అది విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపురాయిలా, గట్టిపడుతుంది. ఎక్కువ వేడి ఎక్కడుంటుంది? గీజరు కాయిల్ మీద. అక్కడే పేరుకుంటుంది. తాగే నీళ్ళకి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఫర్వాలేదు. మీ బోరు 400 అనుకుందాం. రోజుకి 60 లీటర్లు వేడి చేస్తే అందులో 24 గ్రాములు. పదో వంతు మాత్రమే గీజరులో మిగిలిందనుకున్నా ఆరు నెలలకి దాదాపు అరకిలో. సున్నం చుట్టుకున్న కాయిల్ తన వేడిని నీళ్ళకి ఇవ్వలేదు, తనే కాగిపోతుంది. చివరికి దాని పైతొడుగు పగులుతుంది. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

దీనికి మందు పెద్ద కష్టమేం కాదు. గీజరు డయల్ చివరిదాకా తిప్పకుండా 55 - 60 డిగ్రీల దగ్గర ఉంచండి. వేడి తగ్గితే పేరుకోవడమూ తగ్గుతుంది. ఏడాదికోసారి, చలికాలం మొదలవ్వకముందే, మెకానిక్‌తో లోపల కడిగించండి. అప్పుడే లోపలుండే మెగ్నీషియం రాడ్డు అరిగిపోయిందేమో చూడమనండి. ట్యాంకుకి పట్టాల్సిన తుప్పుని తన మీద వేసుకునేది అదే. షవరు, కుళాయి జల్లెడ మూసుకుపోతే కిరాణా షాపులో దొరికే నిమ్ముప్పు వేడినీళ్ళలో కలిపి గంటసేపు నానబెట్టండి చాలు. బాత్‌రూం యాసిడ్ మాత్రం పొయ్యొద్దు, కుళాయి మెరుపు కూడా ఊడొస్తుంది.

ఇక గాలి. "ట్యాంకు నిండా నీళ్ళున్నయ్, కుళాయిలో చుక్క లేదు" అనే ఫిర్యాదు విననివాళ్ళుండరు. వెంటనే మోటారు మీద అనుమానం. పాపం మోటారు పని ట్యాంకులోకి ఎక్కించడం వరకే. కిందికి వచ్చేది నీళ్ళ బరువుతో. పది మీటర్ల ఎత్తుకి సుమారు ఒక బార్ ఒత్తిడి. మూడంతస్తుల ఇంట్లో కింద వాటాకి అది దొరుకుతుంది. పై వాటాలో షవరుకీ ట్యాంకుకీ మధ్య రెండు మీటర్లే ఉంటే దక్కేది 0.2 బార్. ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయ్యి మళ్ళీ నిండితే, పైపు ఎక్కడ వంపు తిరిగి పైకి లేచిందో అక్కడ గాలి బుడగ ఇరుక్కుంటుంది. ఈ కాస్త ఒత్తిడి దాన్ని నెట్టలేదు. అన్నిటికన్నా కిందున్న కుళాయిలు పూర్తిగా తిప్పి కాసేపు వదిలేస్తే చాలాసార్లు గాలి బయటికి పోతుంది. మాటిమాటికీ వస్తుంటే ట్యాంకు దగ్గర కిందికి దిగే పైపుకి నీటిమట్టం కన్నా ఎత్తుగా ఎయిర్ పైపు ఉందో లేదో చూడండి. ఒక చిన్న పైపు ముక్కతో పోయేదానికి వేలు పోసి ప్రెషరు పంపు కొన్నవాళ్ళున్నారు.

లండన్లో ఉన్న మిత్రులు నవ్వుకోనక్కర్లేదు. మీ రేడియేటరు పైభాగం చల్లగా, కిందిభాగం వేడిగా ఉంటే అదీ ఇదే గాలి. పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి వదిలెయ్యడమే. అక్కడి నీళ్ళలోనూ సున్నం ఎక్కువే, మీ కెటిల్ అడుగు చూడండి, తెలుస్తుంది :)

ఇప్పుడు శీర్షిక దగ్గరికొద్దాం. గీజరు కింద చన్నీళ్ళ పైపు దగ్గర ఒక వాల్వు ఉంటుంది, స్విచ్ వేశాక దాన్నుంచి చుక్కలు పడుతుంటాయి. "ఏం లేదు బాబూ, ఒక డమ్మీ కొట్టించెయ్, పీడా పోతది" అని మా పాత ఇంటి ఓనరుగారు సలహా ఇచ్చారు. "వద్దంకుల్, అది కారాల్సిందే" అంటే నన్ను వింతగా చూశారు.

నీళ్ళు 25 నుంచి 75 డిగ్రీలకి వెళ్తే రెండు శాతం పైచిలుకు ఉబ్బుతాయి. 15 లీటర్ల గీజరులో అది మూడో వంతు లీటరు. ఆ వాల్వు నీళ్ళని వెనక్కి పోనివ్వదు. మరి ఉబ్బిన నీళ్ళు ఎక్కడికి పోవాలి? ఆ చుక్కలు అవే. అది లీకు కాదు, ఎక్సెప్షన్ హ్యాండ్లరు. దాన్ని మూసేసిన రోజు థర్మోస్టాట్ గనక పనిచెయ్యకపోతే గోడ మీదున్నది గీజరు కాదు, బాంబు. వేడెక్కేటప్పుడు మాత్రమే కారితే కారనివ్వండి, ఒక సన్న గొట్టం తగిలించి నేల దాకా వదలండి. చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతుంటే వాల్వు మార్పించండి. ఆవిరి గానీ మరిగే నీళ్ళు గానీ వస్తే వెంటనే మెయిన్ ఆపి మెకానిక్‌ని పిలవండి.

చివరగా ఎర్తు. ఇందాక కాయిల్ తొడుగు పగులుతుందన్నాను కదా. అప్పుడు కరెంటు నేరుగా నీళ్ళలోకి వస్తుంది. ఎర్తు వైరు సరిగ్గా ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే షవరు కింద నిలబడ్డ మనిషి గుండా పోతుంది. ఎంసీబీ ఉంది కదా అంటారు. గీజరు లైనుకి 16 ఆంపియర్ల ఎంసీబీ ఉంటుంది. మనిషి గుండె ఆగడానికి దాంట్లో ఐదొందలో వంతు సరిపోతుంది. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనల్ని కాదు. మనల్ని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటు అంతా తిరిగి రాకపోతే క్షణంలో పడిపోతుంది.

మన ఏరియాలో పాత ఇళ్ళని వాటాలుగా, హాస్టళ్ళుగా మార్చినవి బోలెడు. సాకెట్టుకి మూడు రంధ్రాలు ఉంటాయి, మూడోదాని వెనక వైరు ఉంటుందని గ్యారంటీ లేదు. "ఎర్త్ దేనికి సార్, కరెంటొస్తే చాలు గదా" అన్న ఎలక్ట్రీషియన్‌ని నేను చూశాను. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు మనం అడిగేది పార్కింగు, నెట్టు, మెట్రోకి ఎంత దూరం. ఎర్తు ఉందా అని ఎవరూ అడగరు. అడగాలి. ఓనరు పెట్టించకపోతే అద్దెకున్నవాళ్ళమైనా మన డబ్బులతో ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. ఇల్లు మారేటప్పుడు విప్పి తీసుకెళ్ళొచ్చు, అది కూడా ఫోనులాంటిదే.

ఈ ఆదివారం ఒక్క పని చెయ్యండి. మీ డీబీ బాక్సు తెరిచి చూడండి. 'టి' అని రాసున్న చిన్న బటన్ ఉంటే నొక్కండి. స్విచ్ ఠక్కున పడాలి. పడకపోతే అది పెట్టెలో బొమ్మ, మార్చాలి. పడినా సరే, ఎర్తు సంగతి విడిగా ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి చూపించుకోవాలి. అసలు ఆ బటనే లేకపోతే అది పెట్టించేదాకా గీజరు వేసుకున్నా స్నానానికి ముందు స్విచ్ ఆపి వెళ్ళండి. ఇంట్లో పిల్లలకీ పెద్దవాళ్ళకీ ఇదే చెప్పండి.