మొజంజాహీ మార్కెట్‌లో ఋతువుల రుచి

హైదరాబాదులో నాంపల్లి, అబిడ్స్, కోఠీ, బేగంబజారు ప్రాంతాల నడుమ, అన్ని దిక్కుల రద్దీ వచ్చి కలిసే కూడలిలో ఒక పెద్ద రాతి కట్టడం ఉంది. గ్రానైటు గోడలు, వరుసగా సాగే కమానులు, ముందు భాగాన గడియారపు గోపురం. దూరం నుండి చూసేవారికి అదేదో కోట అనిపిస్తుంది. దగ్గరకు వెళితే అది అంగడి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1935లో దీనిని నిర్మించి, ఆయన రెండవ కుమారుడైన మొజ్జం జా పేరు పెట్టారు. ప్రజల నోట అది మొజంజాహీ మార్కెట్‌గా స్థిరపడింది.

ఒకప్పుడు నగరానికి కావలసిన పండ్లు ఇక్కడికే వచ్చేవి. కాలక్రమంలో పండ్ల మార్కెట్టు కొత్తపేట గడ్డిఅన్నారానికి తరలింది. 2021లో అక్కడి నుండి కూడా నగర శివారులోని బాటసింగారానికి వెళ్ళిపోయింది. ఈ కట్టడం ఆలనాపాలనా లేక చాలాకాలం శిథిలావస్థలో ఉండి, మరమ్మతుల అనంతరం 2020 ఆగస్టులో మళ్ళీ నిండుగా తెరుచుకుంది. పండ్ల బండ్లు వెళ్ళిపోయినా పండ్ల రుచి మాత్రం ఈ ప్రాంగణాన్ని విడిచి వెళ్ళలేదు. ఐస్‌క్రీం రూపంలో ఇక్కడే ఉండిపోయింది.

ఫేమస్, షా వంటి పేర్లు గల ఐస్‌క్రీం దుకాణాలు ఈ మార్కెట్టుకు తరతరాల గుర్తింపు తెచ్చాయి. సాయంత్రమయ్యేసరికి ఆరుబయట కుర్చీలు పడతాయి. బేగంబజారులో పెళ్ళి సామాను కొని అలసిన కుటుంబాలు, ఆఫీసుల నుండి ఇళ్ళకు మళ్ళే ఉద్యోగులు, రైలు దిగి వచ్చిన పల్లెవాసులు, చంటిబిడ్డలను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న తల్లులు పక్కపక్కనే కూర్చుంటారు. నఖాబు ధరించిన యువతి పక్క కుర్చీలో మల్లెపూలు పెట్టుకున్న ముత్తయిదువ. ఇద్దరి చేతుల్లోనూ అదే చిన్న కప్పు. పెద్దగా ఖర్చు లేకుండా కుటుంబమంతా కలిసి కాసేపు నింపాదిగా కూర్చోగల చోట్లు మహానగరంలో ఎన్ని ఉన్నాయో ఆలోచిస్తే, ఈ కుర్చీల విలువ తెలుస్తుంది.

చల్లదనం వెనుక చరిత్ర

చల్లని తీపి మీద మానవుడి మక్కువ ఈనాటిది కాదు. అరబీలో ‘త్రాగడం’ అనే అర్థమిచ్చే ధాతువు నుండి షర్బత్ అనే మాట పుట్టింది. అదే తుర్కీల ద్వారా ఐరోపాకు చేరి, ఇటలీలో ‘సొర్బెత్తో’గా మారింది. పదమూడవ శతాబ్దపు వైద్య చరిత్రకారుడు ఇబ్న్ అబీ ఉసైబియా, నీటిని సురేకారంతో చల్లబరిచే పద్ధతిని తన గ్రంథంలో వివరించాడు. అక్బరు కాలపు పద్ధతులను నమోదు చేసిన అబుల్ ఫజల్ కూడా తన ‘ఆయినె అక్బరీ’లో సురేకారంతో నీటిని చల్లబరచడం గురించి, ఉత్తరాది పర్వతాల నుండి లాహోరుకు మంచు తెప్పించడం గురించి రాశాడు. నాడు పాదుషాలకు దక్కిన చల్లదనం నేడు కూలి చేసుకునే తండ్రి తన బిడ్డకు కొనిపెట్టగలుగుతున్నాడు. దీనిని చిన్న అనుగ్రహంగా భావించలేము.

ఈ మార్కెట్టుకు పేరు తెచ్చింది చేతితో తిప్పి చేసే ఐస్‌క్రీం. దాని పని తీరు సరళమైనది. ఒక చెక్క పీపా, దాని నడుమ లోహపు డబ్బా, డబ్బా చుట్టూ మంచుగడ్డలు, ఉప్పు. మంచులో ఉప్పు కలిసినప్పుడు అది కరుగుతూనే సున్నా కంటే చాలా దిగువకు, ఎక్కువలో ఎక్కువ మైనస్ 21 డిగ్రీల వరకు చల్లబడగలదు. ఆ చలువకు డబ్బాలోని పాలు అంచుల వెంబడి గడ్డకడుతుంటే, పిడి తిప్పుతూ వాటిని గీకి మళ్ళీ నడుమకు కలుపుతారు. ఎంత ఓపికగా తిప్పితే మంచు పలుకులు అంత సన్నగా ఏర్పడతాయి. నాలుకకు తగిలే ఆ నునుపు అంతా ఎవరిదో చేతి కష్టమే.

ఇటలీ వారి జెలాటో దుకాణాలు ఇప్పుడు మన నగరాల్లోనూ వెలిశాయి. జెలాటో అంటే ‘గడ్డకట్టినది’ అని అర్థం. దానిలో గాలి తక్కువ, వెన్న తక్కువ. మామూలు ఐస్‌క్రీం కంటే కొంచెం తక్కువ చలిలో, సుమారు మైనస్ 12 డిగ్రీల దగ్గర వడ్డిస్తారు. చలి మితిమీరితే నాలుక మొద్దుబారి రుచిని పట్టుకోలేదు. కనుకనే జెలాటోలో పండు రుచి స్పష్టంగా తెలుస్తుంది. చేతితో తిప్పిన ఐస్‌క్రీంలోనూ గాలి తక్కువే. అందుకే చెమ్చాకు చిక్కగా, బరువుగా తగులుతుంది. పేర్లు వేరైనా, పండును ముందు నిలిపి చల్లదనాన్ని దాని సేవలో ఉంచే పద్ధతి రెండింటిలోనూ కనిపిస్తుంది.

నెలకొక రుచి

ఇక్కడి రుచులన్నీ ఒకే రోజు చూసి రావాలనుకుంటే కుదరదు. దానికి ఒక సంవత్సరం పడుతుంది.

వేసవి మామిడిది. మా పుట్టినిల్లు నంద్యాల వైపు కనుక బంగినపల్లి మీద నాకు పక్షపాతం ఉండటం సహజమే. ఒకనాడు నవాబుల సంస్థానంగా ఉన్న బనగానపల్లె పేరు ఆ పండుకు వచ్చింది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పీచు లేని కండ గనుక పాలతో ఇట్టే కలిసిపోతుంది. అదే రోజుల్లో ఖర్బూజా కూడా వస్తుంది. అందులో నీరే ఎక్కువ. పాలను చిక్కగా మరిగించకపోతే ఐస్‌క్రీం మంచుపలుకులై పోతుంది. బాగా కుదిరితే మాత్రం, నోట్లో వేసుకున్న తర్వాత కాసేపటికి, ఎక్కడో దూరం నుండి వచ్చినట్టు దాని పరిమళం తెలుస్తుంది. మే, జూన్ నెలల్లో ఉత్తరాది లీచీ కొద్ది వారాల అతిథిగా వచ్చి పోతుంది.

వానలు వెనుకబడుతుండగా సీతాఫలం వస్తుంది. మహబూబ్‌నగర్ ప్రాంతపు గుట్టల నుండి స్త్రీలు గంపలతో పండ్లు తెచ్చి నగరపు రోడ్ల పక్కన కూర్చునే రోజులవి. ఆ ప్రాంతపు బాలానగర్ రకం దేశమంతటా ప్రసిద్ధం. సీతాఫలం గుజ్జును వేడి చేస్తే చేదెక్కుతుంది. గింజ గింజనూ చేతితో వేరు చేసి, చల్లని పాలలోనే కలపాలి. అందువల్ల ఉడికించి నిల్వచేసే మిఠాయిలకు లొంగని ఈ పండు ఐస్‌క్రీంకు మాత్రం తన పూర్తి రుచిని ఇచ్చేస్తుంది.

చలికాలం సపోటాది. దోరగా ఉంటే వగరు, మాగితే బెల్లపు పాకం. ఆ పండులోని సన్నని ఇసుకరేణువుల వంటి పలుకు ఐస్‌క్రీంలోనూ నిలుస్తుంది. ఎండబెట్టి నానబెట్టే అంజీర్‌కు ఋతువుతో పని లేదు. దాని చిట్టి గింజలు పళ్ళ కింద చిటపటలాడుతుంటే పిల్లలు నవ్వుతారు, పెద్దలు కట్టుడు పళ్ళను తలచుకుని జాగ్రత్తపడతారు.

అడిగి తినడం

ప్యాకెట్లలో కొనే ఐస్‌క్రీం విషయంలో అట్ట మీద రాసింది చదవాలి. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం సాధారణ ఐస్‌క్రీంలో కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలి. వనస్పతి కొవ్వుతో చేసినదానిని ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అనే పేరుతో అమ్మాలి. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుండి తీసే పదార్థం కనుక హలాల్ విషయంలో శ్రద్ధ గలవారు దానిని గమనిస్తారు. ఆకుపచ్చ చుక్క ఉన్న ప్యాకెట్టులో అది ఉండకూడదు. విడిగా కప్పులలో అమ్మే చోట చదవడానికి అట్ట ఉండదు. అక్కడ నోరు తెరిచి అడగడమొక్కటే మార్గం. అమ్మేవాడి మాటే అట్ట.

ఆ మాట విలువ నిరుడు మే నెలలో తెలిసింది. మా అత్తగారితో, పిల్లలతో కలిసి మార్కెట్టుకు వెళ్ళాము. దుకాణం పేరు ఇక్కడ అవసరం లేదు. మా చిన్నవాడు సీతాఫలం కావాలని పట్టుబట్టాడు. పలకపై ఆ పేరు ఉంది కూడా. వడ్డించే పెద్దాయన వాడి వైపు వంగి, “బేటా, గుజ్జు ఉంది. మంచులో దాచింది. పండు మాత్రం ఇప్పుడు లేదు. పండు రుచి కావాలంటే మామిడి తీసుకో, పొద్దున్నే కోసింది” అన్నారు.

“మరి సీతాఫలం ఎప్పుడొస్తుంది చాచా?” అని వాడు అడిగాడు.

“వానలు పోనీ. నువ్వు రా, నేను పెడతాను.”

నిల్వ ఉంచిన గుజ్జును అమ్మడం తప్పు కాదు. పిల్లవాడు కోరినదాన్ని కప్పులో వేసి ఇచ్చి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. అయినా ఆయన తన సరుకులోని లోపాన్ని తానే చెప్పాడు. వర్తకుడు సరుకు లోపం దాచరాదని మనం పిల్లలకు పాఠంగా చెబుతుంటాము. వాడు ఆ రోజు దానిని చెవులారా విన్నాడు. మామిడి తిని, మళ్ళీ అడిగి రెండో కప్పు తిన్నాడు.

రంజాన్, సీతాఫలం

మా అత్తగారు మాత్రం తన కప్పును చేతిలో పెట్టుకుని కొద్దిసేపు మౌనంగా ఉన్నారు. ఆమెకు మధుమేహం ఉంది. రెండు చెమ్చాలే ఆమె వాటా. తర్వాత చెప్పారు: “ఒక యేడు సీతాఫలాల రోజుల్లో రంజాన్ వచ్చింది. తరావీహ్ నమాజు అయ్యాక మీ మామయ్య నన్ను ఇక్కడికే తీసుకొచ్చారు. గింజ వస్తుందేమోనని నా కప్పులో ముందు ఆయనే చూసి ఇచ్చారు.”

మా అమ్మాయి వెంటనే లెక్క కట్టింది. హిజ్రీ సంవత్సరం సూర్యమాన సంవత్సరం కంటే సుమారు 11 రోజులు చిన్నది కనుక, రంజాన్ ఏటా ఆ మేరకు ముందుకు జరుగుతూ దాదాపు 33 ఏళ్ళలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. 2018లో మామిడి రోజుల్లో వచ్చింది. 2025లో మార్చిలో, సపోటాలు ఇంకా ఉండగా వచ్చింది. 2006, 2007 సంవత్సరాల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, సీతాఫలాలు మాగే వేళ వచ్చింది. అత్తగారు చెప్పిన యేడు ఆ రెంటిలో ఒకటి అయి ఉండవచ్చు.

“మళ్ళీ సీతాఫలాల రంజాన్ 2039 ప్రాంతంలో వస్తుంది దాదీమా” అంది అమ్మాయి.

ఆమె వయస్సు 74. లెక్క ఆమెకూ తెలుసు. “ఇన్‌షా అల్లాహ్, అప్పటికి నువ్వు నీ పిల్లలను తీసుకొస్తావు” అని మాత్రం అన్నారు. ఆ పైన మామిడి కప్పులోంచి తన రెండో చెమ్చా తీసుకున్నారు.

ఆ తర్వాత సీతాఫలాలు వచ్చిన మొదటి వారంలోనే ఆమెను తీసుకెళ్ళాము. రంజాన్ నెల కాదు. పక్కన మామయ్య గారు లేరు. కప్పులో గింజ ఉందేమోనని మా చిన్నవాడు ముందు చూసి, ఆ తర్వాతే దాదీమా చేతికి ఇచ్చాడు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

వారాంతపు రాత్రుల్లో జనం ఎక్కువ. మామూలు రోజున మగ్రిబ్ తర్వాత వెళితే పెద్దలకు కుర్చీ దొరుకుతుంది. నలుగురు వెళితే నాలుగు వేర్వేరు రుచులు తీసుకుని పంచుకోవడం మంచిది. ఖర్చు కలిసివస్తుంది, చక్కెర తగ్గుతుంది, ఒకే సాయంత్రం నాలుగు రుచులు తెలుస్తాయి. మృదువైన ఖర్బూజా వంటివాటితో మొదలుపెట్టి మామిడి, అంజీర్ వంటి గాఢమైనవాటితో ముగించాలి. లేకుంటే సున్నితమైన రుచి నాలుకకు అందదు. కప్పులో మిగిల్చి పారవేసేంత తీసుకోవద్దు. అన్నిటికంటే ముందు, “ఈ రోజు తాజాగా ఏ పండు వచ్చింది?” అని అడగండి.

ఏడాది పొడవునా అన్నీ దొరికే కాలం ఇది. ఏ నెలలోనైనా ఏ పేరు గల కప్పునైనా కొనుక్కోవచ్చు. అయినా పండుకు ఒక ఋతువు ఉంది, కుటుంబంలోని పెద్దలకూ ఒక కాలం ఉంది. మీ ఊరిలోనూ ఇటువంటి అంగడి ఒకటి ఉండకపోదు. అక్కడ ఈ వారం ఏ పండు మాగి వచ్చిందో కనుక్కుని, ఇంట్లో అందరికంటే పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్ళిరండి.