డబుల్ డ్యూటీ

నాన్నకి బాస్కెట్‌బాల్ తెలీదు. పొద్దున్నే నేను ఎన్‌బీఏ పెడితే టీ గ్లాసు పట్టుకుని పక్కన కూచుంటాడు, అంతే. మొన్న ఒక జట్టు నాలుగో క్వార్టర్లో వేసిన షాట్లన్నీ పొట్టిగా పడుతున్నాయి. బంతి రింగు ముందంచుకి తగలడం, వెనక్కి రావడం.

"కాళ్లల్లో పనైపోయింది వాళ్లకి," అన్నాడు నాన్న.

నిజమే. జంప్ షాట్‌కి సత్తువ చేతుల్లోంచి కంటే కాళ్లల్లోంచే వస్తుంది. ఆ జట్టు ముందురోజు రాత్రి ఇంకో ఊళ్లో ఆడి, అట్నుంచటే విమానమెక్కి వచ్చింది. బ్యాక్-టు-బ్యాక్ అంటారని చెప్పాను.

"డబుల్ డ్యూటీ," అన్నాడు. ముప్ఫయ్యేళ్లు బస్సు నడిపిన మనిషికి ఇంకేం వివరిస్తాం!

అయినా ఊరుకోకుండా 2012 నవంబరు 29 కథ ఎత్తుకున్నాను. నాకది భలే ఇష్టం. శాన్ ఆంటోనియో స్పర్స్‌కి ఐదు రాత్రుల్లో నాలుగో ఆట. కోచ్ పాపొవిచ్, డంకన్, పార్కర్, జినోబిలితో పాటు గ్రీన్‌ని కూడా ముందే ఇంటికి పంపేశాడు. మిగిలినవాళ్లు మయామీలో ఆఖరి నిమిషాల దాకా ముందుండి 105-100తో ఓడారు. లీగ్ స్పర్స్‌కి 2,50,000 డాలర్ల ఫైన్ వేసింది. అదే లీగ్ 2017లో సీజన్‌ని వారం ముందుకి జరిపి, ఐదు రాత్రుల్లో నాలుగు ఆటలనే పద్ధతే ఎత్తేసింది. బ్యాక్-టు-బ్యాక్‌లు మాత్రం పోలేదు. 82 ఆటలు ఎక్కడో ఒకచోట ఇరికించాలి కదా.

నాన్న కోచ్‌ని మెచ్చుకుంటాడనుకున్నా.

"మరి టికెట్ కొన్నోళ్లో?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. డంకన్ని చూడ్డానికే ఆ రాత్రి వచ్చిన పిల్లాడు ఒక్కడైనా ఉండే ఉంటాడు.

కాసేపాగి తనే అన్నాడు. "ఒకసారి సూర్యాపేట దాటాక నాకు కన్ను మూతపడింది. రెండో డ్యూటీ అది. టైరు రోడ్డు దిగిన చప్పుడుకి లేచా. పక్కకి ఆపి మొహం కడుక్కున్నా. వెనకాల అందరూ నిద్రలో ఉన్నారు."

"అమ్మకి తెలుసా?"

"ఎవరికీ చెప్పలే."

ఏ సంవత్సరమని అడిగాను. నేను టెన్త్‌లో ఉన్నప్పుడట. ఫీజు కట్టాల్సిన నెలల్లో నాన్న వరసగా డబుల్స్ తీసుకునేవాడు. అది నాకు తెలుసు.

టీవీలో ఇంకో షాట్ పొట్టిగా పడింది. "వాణ్ణి కూచోబెట్టమనరా," అన్నాడు నాన్న.