ఓరుగల్లు కోటలో రేవు పాఠం

గత శీతకాలంలో మదరసా విద్యార్థులతో ఓరుగల్లు కోటకు వెళ్ళాము. కీర్తితోరణాలు చూసి, ఖుష్ మహల్ నీడన కూర్చున్నాము. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఈ రాజధానికీ ఒకనాడు రేవు ఉండేదని, అది నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి అని పిల్లలకు చెప్పాము.

పూర్వపు రాజులు తుఫానుకు చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరుకునంతా బలవంతంగా లాక్కునేవారు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించి ఆ అన్యాయాన్ని మాన్పించాడు. నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులదేనని ప్రకటించాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం మొదలైన సరుకుల సుంకాలనూ అందులో పేర్కొన్నాడు.

"ఉస్తాద్! అలలు తెచ్చి పడేసినది దొరికినవారిది కాదా?" అని ఒక బాలుడు అడిగాడు.

దొరికిన సొమ్మును ఏడాదిపాటు చాటి, యజమానిని వెదకమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆ పాఠం చెప్పినది మేమే. అయినా మాకు వెంటనే మాట పెగలలేదు. వానకాలపు వరదలో మా వాకిట చేరిన ఇత్తడి బిందె అప్పటికీ మా వంటగదిలోనే ఉంది. దాని అంచున పేరు కూడా చెక్కి ఉంది. ఆ పేరుగలవారెవరని మేము ఒక్కరినీ అడగలేదు.

పిల్లలకు ఆ సంగతి దాచకుండా చెప్పాము. శుక్రవారం మసీదు గుమ్మం వెలుపల నిలబడి ఆ పేరు చదివి వినిపించాము. మూడవ వారం పక్క వాడనుంచి ఒక అవ్వ వచ్చింది. అంచు తడిమి చూసుకుని, బిందెను చంకనెత్తుకుని వెళ్ళింది.