విడుదల దస్తావేజు

కోటబొమ్మాళిలోని మా వకీలు కచేరినుండి మూడు మాసముల కొకమారు నాలుగు పుటల వార్తాపత్రము వెలువడుచుండును. కచేరిలో మేము ముగ్గురము న్యాయవాదులము, ఒక గుమాస్తా. ఏ న్యాయస్థానమున ఏ తీర్పు వచ్చినది, ఏ శాసనము మారినది, ఏ దరఖాస్తునకు ఏ పత్రములు కావలెను అను సంగతులను తేటతెలుగులో అచ్చొత్తించి కక్షిదారులకు ఊరకయే పంచుదుము. వ్రాయు పని నాది. 2024 జూలై 1వ తేదీనుండి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినపుడు పాత సెక్షనుల ప్రక్కన క్రొత్తవి వేసితిమి. మోసగానికి బిరుదైన 420 ఇక చట్టములో 318 అయినదని చదివి బజారులో అందరును నవ్వుకొనిరి. ఆ సంవత్సరమే భూహక్కుల చట్టమును శాసనసభ రద్దుచేసినపుడు ప్రతులు చాలక మరల అచ్చువేయవలసి వచ్చెను. భూమి యన్నచో మా వారికి అంత శ్రద్ధ. అయితే నేను చెప్పదలచినది అంతకు ముందు, 2020లో వెలువడిన ఒక సంచికను గూర్చి.

ఆ యేడు ఆగస్టు 11వ తేదీన సుప్రీముకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము వినీతా శర్మ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. (ఆ ముగ్గురిలో నొకరైన అబ్దుల్ నజీరుగారు 2023లో మన రాష్ట్రమునకే గవర్నరుగా వచ్చిరి.) పిత్రార్జితమైన ఆస్తిలో కుమారునకు పుట్టుకతోడనే హక్కు కలుగునని మితాక్షర మతము. విజ్ఞానేశ్వరుని ఆ గ్రంథమును పదుమూడవ శతాబ్దముననే కేతన తెనిగించెను గనుక ఈ ధర్మము తెలియదని చెప్పుకొను వీలు తెలుగువారికి ఏనాడును లేదు. ఆ పుట్టుక హక్కు మాత్రము ఆడుబిడ్డ దరి చేరలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి వీలునామా వ్రాయక పోయినచో అతని స్వార్జితమున కూతునకు కుమారునితో సమానముగ వాటా నిచ్చెను. పిత్రార్జితమున నైతే తండ్రి వాటాకు వచ్చినదానిలో ఒక వాటా, అంతే. కూతును గూడ పుట్టుకతోడి వాటాదారుగ జేసిన మొదటి రాష్ట్రము మనదే. 1985 సెప్టెంబరు 5నుండి ఆ సవరణ అమలులోనికి వచ్చెను. కాని ఆ తేదీకి ముందే పెండ్లియైన వారిని అది విడిచిపెట్టెను. 2005 సెప్టెంబరు 9నుండి కేంద్ర శాసనము ఈ భేదమును తుడిచివేసెను.

అటుపిమ్మట తగవులు మరియొక తీరున పుట్టెను. 2005 నాటికి తండ్రి జీవించి యుండవలెనా, అక్కరలేదా? జీవించి యుండవలెనని 2015లో ఒక తీర్పు వచ్చెను. అక్కరలేదనియు, హక్కు పుట్టుకతో వచ్చునది గాని తండ్రి ఆయువుతో వచ్చునది కాదనియు 2020 నాటి తీర్పు తేల్చెను. 2004 డిసెంబరు 20కి ముందు రిజిష్టరు దస్తావేజుతోనో, న్యాయస్థానపు డిక్రీతోనో పంపకము ముగిసిననే అది చెల్లును. నోటిమాటగ పంచుకొంటిమను వాదమును సాధారణముగ ఒప్పుకొనరాదు. ఒంగోలు న్యాయస్థానమున పుట్టిన ఒక వ్యాజ్యములో తుది డిక్రీ కాకపూర్వము కూతుండ్రు తమ వాటా కోరవచ్చునని 2011లోనే సుప్రీముకోర్టు చెప్పి యుండెను.

ఇదంతయు నేను మిక్కిలి ఉత్సాహముతో వ్రాసితిని. అది కరోనా కాలమగుటచే కచేరికి వచ్చువారు తక్కువ, ప్రతులు చాల మిగిలిపోయెను. 2021 సంక్రాంతికి వచ్చిన మా అప్ప తిరిగి పలాస దగ్గరి తన యూరికి పోవునపుడు నా భార్య అరిసెలు మూటగట్టి, నూనె యంటకుండ పైన ఆ కాగితములే చుట్టెను. అప్ప అయిదవ తరగతి వరకు చదివినది. అక్షరమక్షరము కూడబలుకుకొని యైనను కనబడిన కాగితమును చదువక విడువదు. కనుమ పోయిన మూడవనాడు ఫోను చేసెను.

"తమ్ముడూ, అరిసెల కాగితం చదివాను. ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే రాశానప్పా."

"రెండువేల అయిదు నుంచి అని ఉంది. నాచేత సంతకం పెట్టించింది రెండువేల పదిలో గదా. అప్పటికి నీకు తెలీదా?"

"తెలుసు," అంటిని.

అప్ప కొంత తడవు మాటాడలేదు. తరువాత, "అరిసెలు మెత్తగా వచ్చాయని మరదలికి చెప్పు," అని ఫోను పెట్టివేసెను.

మా తండ్రికి వంశధార ఎడమ కాలువ క్రింద 4 ఎకరముల 80 సెంట్ల పిత్రార్జితపు పల్లపుభూమి యుండెను. ఆయన 2001లో గతించిరి. అప్ప వివాహము 1979లో జరిగినది కావున నాటి చట్టము ప్రకారము ఆమెకు రావలసినది తండ్రి వాటాలో నాల్గవవంతు, అనగా 40 సెంట్లు. అదియు ఎవ్వరు నీయలేదు, ఎవ్వరు నడుగలేదు. 2009లో అమ్మ పోయినది. అప్పటికి క్రొత్త శాసనము వచ్చి నాలుగేండ్లు. రిజిష్టరైన పంపకము లేనందున ముగ్గురు బిడ్డలకును మూడు సమభాగములు, తలకు 1 ఎకరము 60 సెంట్లు. ఆ లెక్క నాకు కంఠస్థము. మా తమ్మునికి బ్యాంకు అప్పు కావలసి వచ్చెను. పట్టాదారు పాసుపుస్తకములు మా యిరువురి పేర మారవలెనన్నచో అప్ప హక్కు విడుదల చేయవలెను. దస్తావేజు నేనే వ్రాసితిని. "ఎవరి బలవంతమును లేక నా యిష్టపూర్వకముగ, నాకు రావలసిన ప్రతిఫలము ముట్టినందున" అను మాటలు నావే. ముట్టినది ఒక పట్టుచీర, అయిదువేల రూపాయలు. చదివి వినిపించితిని. ఏమి విడుచుచున్నదో మాత్రము చెప్పలేదు. "మీరిద్దరూ బాగుంటే నాకు కన్నవారిల్లు ఉంటుంది," అని ఆమె సంతకము చేసెను.

ఆ వాక్యమును నేనిప్పుడు మరియొక విధముగ వినుచున్నాను. వాటా నడిగినచో కన్నవారిల్లు ఉండదని దాని యర్థము. పండుగకు పిలుపు, పురిటికి పిలుపు, కొత్తమ్మతల్లి జాతరకు పిలుపు, ఇవన్నియు ఒక సంతకమునకు తాకట్టులో నుండును. చట్టము మారినను ఈ తాకట్టు విడిపోలేదు.

ఆడుబిడ్డకు వాటా ఎందులకని వాదించు పెద్దమనుష్యులు మా కచేరికి దినమును వత్తురు. కట్నమిచ్చితిమి గదా, అదే వాటా యందురు. 1961నుండి కట్నము పుచ్చుకొనుటయు నిచ్చుటయు నేరమే. అది యట్లుండనిండు, ఆ సొమ్ము చేరినది కూతు చేతికా, వియ్యంకుని చేతికా? తల్లిదండ్రులను పోషించువాడు కొడుకు గదా యందురు. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము కూతును గూడ ఆ బాధ్యతలో చేర్చినది. కడపటి రెండేండ్లు మా యమ్మ మంచముపై నున్నపుడు నెలకు పది దినములు వచ్చి యుండినది అప్పయే. కమతములు తునుకలగునను వాదమొక్కటే కొంత నిజము. అన్నదమ్ములు నలుగురు పంచుకొనునపుడు ఆ దిగులు వీరికెందుకు కలుగదో నాకు బోధపడదు.

రిజిష్టరైన విడుదల దస్తావేజును 2020 నాటి తీర్పు కదలింపదు. మోసముచే వ్రాయించుకొనిరని రుజువు చేయవలెను. అదియు మోసము తెలిసినది మొదలు మూడేండ్లలోనే. స్త్రీలకు రాబడితో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము కలదు గాని, తమ్ముళ్ళమీద వ్యాజ్యము వేయుమని అప్పకు నేనే సలహా చెప్పుట ఎట్లు? సలహా చెప్పుటకు బదులుగ 2021 వైశాఖమున నా 2 ఎకరముల 40 సెంట్లనుండి 80 సెంట్లు ఆమె పేర దానపత్రము వ్రాసి రిజిష్టరు చేయించితిని. ఆమెకు పోయిన 1 ఎకరము 60 సెంట్లలో నావలన పోయిన సగము అది. "దానము" అను మాట వ్రాయునపుడు కలము సాగలేదు. నాది కానిదానిని దానము చేయుట యెట్లు? అయినను చట్టములో దానికి వేరు పేరు లేదు.

మా తమ్ముడు, "అన్నయ్యా, నువ్వు వకీలువి, నీకు ఫీజులొస్తాయి. నాకు ఈ మళ్ళే గదా ఆధారం," అనెను. అతని కిద్దరు కుమార్తెలు. వారి వాటా సంగతి నేనెత్తలేదు. అతని 80 సెంట్లు అతనియొద్దనే యున్నవి. ఆ సంవత్సరము పెద్దపండుగకు అప్ప అతని యింటికిని పోయెను, మా యింటికిని వచ్చెను. పాసుపుస్తకము చేతికిచ్చినపుడు కన్నుల కద్దుకొని, రెండవ సగము మాట యడుగక సంచిలో పెట్టుకొనెను.

అప్పటినుండి మా కచేరిలో ఒక నియమము పెట్టుకొంటిమి. ఆడపడుచు విడుదల దస్తావేజునకు వచ్చినచో అన్నదమ్ములను బయటి బల్లమీద కూర్చుండబెట్టి, ఆమెకు మాత్రమే చదివి వినిపించి, విడుచుచున్న భూమి యెన్ని సెంట్లో, నేటి ధర యెంతయో ఒక కాగితముమీద వ్రాసి చేతికిత్తుము. తరువాత ఆమె యిష్టము. చాలమంది ఆ కాగితము మడిచి కొంగున కట్టుకొని, అయినను సంతకము చేసి పోవుదురు. పోయిన మాసము ఒక్కతె మాత్రము కలము బల్లమీద పెట్టి, ఒక దినము గడువడిగి వెళ్ళెను. మరునాడు ఆమె రాలేదు. ఆమె యన్నలు వచ్చి తమ కాగితములు తీసికొని, బజారుకు ఆ ప్రక్కనున్న మరియొక వకీలు గుమ్మ మెక్కిరి.