పాత బాక్సుకి కొత్త రింగు

విజయనగరం, శ్రీకాకుళాల్లో పాతకాలం ఇళ్ళ హాళ్ళలో నడుమెత్తు చెక్క స్పీకర్లు ఇంకా కనిపిస్తుంటాయి. సోనోడైన్, కాస్మిక్, ఫిలిప్స్. జీతంలో కొంత కొంత దాచి కొనుక్కున్నవి. ఇప్పుడు వాటి మీద పూలకుండీయో దేవుడి పటమో ఉంటుంది. అడిగితే, ‘ఊఫర్ పోయిందండీ, బరబరమంటోంది’ అంటారు. చాలాసార్లు ఊఫర్ పోదు. దాని అంచునున్న ఫోమ్ రింగు పోతుంది, అంతే.

కోనుని ఇనప చట్రానికి పట్టి ఉంచుతూనే ముందుకీ వెనక్కీ ఆడనిచ్చేది ఆ రింగే. పాలీయురితేన్ నురగతో చేస్తారు. వేడికీ తేమకీ వెలుతురుకీ అది లోలోపలే విడిపోతుంది. వాడకుండా మూల పెట్టినా సరే, పదిహేనిరవై ఏళ్ళకి వేలు తగిలితే చెమ్మగిల్లిన బెల్లంలా అంటుకుని రాలిపోతుంది. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్ళలో దానికి మరీ కష్టం. ఉప్పుగాలికి చట్రమూ, వైర్లు తగిలించే టెర్మినళ్ళూ కూడా తుప్పు పడతాయి. గుడ్డ అంచు, రబ్బరు అంచు ఉన్న ఊఫర్లు మాత్రం చాలాకాలం నిలుస్తాయి.

ఈ నష్టం నాకు చిన్నదిగా అనిపించదు. 1919లో పుట్టిన విజయనగరం సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే పాఠం చెప్పారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. ఆ గాలి పీల్చిన ఊళ్ళో రింగు పోయిన బాక్సుల్లో కచేరీ రికార్డు పెడితే మృదంగం సగమే వినిపిస్తోంది. కుడి మూత టకటకలు వస్తాయి. రవ్వముద్ద అద్దిన ఎడమ మూతలోని గంభీరమైన నాదం రాదు. దాన్ని మోసుకొచ్చేది ఊఫరే. ఫోన్లో వింటూ పెరిగిన పిల్లలు మృదంగమంటే ఆ టకటకలే అనుకుంటే తప్పు వాళ్ళది కాదు.

మన వైపు ఆ రింగు మార్చే పని తెలిసినవాళ్ళు ఎక్కువగా మైకుసెట్ల దగ్గరే ఉంటారు. సిరిమానోత్సవాలకీ పెళ్ళిళ్ళకీ బాక్సులు కట్టి, కోనుని ఆడించే కాయిళ్ళు కాలితే మార్చి చెయ్యి తిరిగినవాళ్ళు. అలాంటి మేస్త్రి ఒకాయన మా బాక్సులోని ఊఫర్ కోను మీద రెండు వైపులా వేళ్ళు ఆనించి మెల్లగా లోపలికి నొక్కాడు. గీరిన చప్పుడు లేదు. మీటరు పెట్టాడు. ఎనిమిది ఓమ్‌ల ఊఫర్‌కి ఆరు చూపించింది, అలాగే చూపించాలి. ‘కాయిల్ పోనేదు బావూ, రింగే పోనాది’ అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఆయన చేసిన పని కళ్ళప్పగించి చూశాను. పాత నురగనీ జిగురునీ ఓపిగ్గా గీకేశాడు. నడిమి డస్ట్ క్యాప్ బ్లేడుతో కోసి, కాయిల్‌కీ దాని లోపలున్న ఇనప దిమ్మకీ మధ్య పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు చుట్టూ దోపాడు. కాయిల్ వెంట్రుకవాసి పక్కకి జరిగినా అయస్కాంతం సందులో రాసుకుంటుంది, అందుకు. కొత్త రింగుని ముందు కోనుకి, అది పట్టాక చట్రానికి అతికించాడు. మర్నాటి దాకా ముట్టుకోనివ్వలేదు. ఎండాక ఫిల్ము ముక్కలు లాగేసి క్యాప్ అతికించాడు. రెండో బాక్సుకి కూడా ఆ పనే చేయించాను. రెండూ ఒకేలా మోగాలంటే జంటగా చేయించాల్సిందే.

కాయిల్ నిజంగా కాలిపోతే దాన్ని మార్చక తప్పదు. అప్పుడైనా సైజు ఒక్కటే చూసి కారు ఊఫర్ తెచ్చి బిగించకండి. వాటిలో చాలావరకు నాలుగు ఓమ్‌లవి, పాత ఆంప్లిఫయర్‌కి భారం. అసలు ఊఫర్‌కీ బాక్సుకీ కొలతల్లో పొత్తు ఉంటుంది. ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో ఆ పొత్తుని లెక్కల్లో పెట్టాడు. పదేళ్ళ తర్వాత రిచర్డ్ స్మాల్ దాన్ని ముందుకు తీసుకెళ్ళాడు. లోపలి గాలి ఆ ఊఫర్‌కి స్ప్రింగులా పనిచేసేలా బాక్సుని కొలిచి చేస్తారు. వేరేది పెడితే మోత ఎక్కువై నాదం చెడొచ్చు. అందుకే నా మాటైతే, ఒరిజినల్ కోనూ మ్యాగ్నెట్టూ ఉన్నంతకాలం వాటినే కాపాడుకోవాలి. కాయిల్ కాలినా ముందు అదే చట్రంలో కొత్త కాయిలూ కోనూ వేయించగలరేమో అడగాలి.

మీ ఇంట్లో అలాంటి జత ఉంటే, పాత సామాన్లవాడికి తూకానికి వేసే ముందు ముందరి గుడ్డ తీసి ఆ అంచు ఒకసారి చూడండి. కోను చిరక్కుండా ఉంటే మైకుసెట్టు మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళండి, రెండు బాక్సులూ కలిపి.