గోదారి మెట్ల మీద చెంబెడు నీళ్ళు

ధర్మపురికి పోయినవాళ్ళకు యమపురి లేదని మావైపు ముసలివాళ్ళు అంటుంటారు. మీరూ వినే ఉంటారు. నాకైతే చిన్నప్పటి నుంచి ధర్మపురి అంటే యముడూ కాదు, నరసింహస్వామీ కాదు, గోదారి మెట్లే. ఆ మెట్ల మీద నేను కూర్చున్నంతసేపు ఇంకెవరూ కూర్చుని ఉండరేమో! ఎందుకో చెప్తాను వినండి.

మొన్న ఫాల్గుణంలో జాతర రద్దీ తగ్గాక మా అత్తమ్మ, మా ఆడబిడ్డ, మా చిన్నమ్మాయి, నేను కరీంనగర్‌లో పొద్దున్నే బస్సెక్కాం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు టికెట్ లేదు గదా, ఖర్చు తప్పింది గానీ సీటు దొరకడమే గగనమైంది. కొండగట్టు దగ్గర అంజన్నకు బస్సులోంచే దండం పెట్టుకుని, జగిత్యాలలో మారి ధర్మపురిలో దిగాం. జాతర రోజుల్లోనే పోవచ్చు, కోనేటిలో స్వామివారి తెప్పోత్సవం చూడాలని నాకూ ఆశే. కానీ రాత్రి నిద్ర చెడితే నాకు పడదు. ఉపవాసమూ పడదు. నా సంచిలో సర్వపిండి, పెరుగన్నం, టైము ప్రకారం వేసుకునే మాత్రలు, వాటితో పాటు ఒక అయస్కాంతం ఉంటాయి.

అయస్కాంతమేమిటి అనుకుంటున్నారా? నాకు తొమ్మిదో తరగతి నుంచి ఫిట్స్. 1991 పుష్కరాలప్పటికి ఇంకా లేవు. అప్పుడు మా నాయనమ్మ నా ముక్కు మూసి మూడు మునకలు వేయించింది. ఆ తర్వాత ఇంటర్ ఎట్లాగో గట్టెక్కించి చదువు మాన్పించారు. 2003 పుష్కరాలకు చంకలో పెద్దదాన్ని పెట్టుకుని, 2015 పుష్కరాలకు అందరి చెప్పులు, సంచులు కావలి కాస్తూ మెట్ల మీదే కూర్చున్నాను. నీళ్ళలో ఉండగా ఫిట్ వస్తే అరిచే వీలు కూడా ఉండదు గదండీ. ఇంట్లో కూడా నేను స్నానాల గది గడియ పెట్టుకోను.

రెండు మూడు రకాల మాత్రలు మార్చి చూసినా నాకు ఆగలేదు. తలకు ఆపరేషన్ చేద్దామంటే, ఫిట్ పుట్టే చోటు ఒక్కటి కాదన్నారు. అప్పుడు హైదరాబాదులో డాక్టరుగారు ఈ మిషను సంగతి చెప్పారు. గుండెకు పేస్‌మేకర్ పెడతారు చూడండి, అటువంటిదే. ఎడమవైపు కాలరు ఎముక కింద, చర్మం లోపల చిన్న బిళ్ళ పెడతారు. దాని నుంచి సన్నని తీగ మెడదాకా పోయి, వేగస్ అనే నరానికి చుట్టుకుని ఉంటుంది. నాది అయిదు నిమిషాలకోసారి ముప్ఫై సెకన్లపాటు ఆ నరాన్ని తట్టి లేపుతుంది. అమెరికాలో 1988లో మొదటిసారి మనిషికి పెట్టి, 1997లో అందరికీ వాడుకోవడానికి అనుమతి ఇచ్చారట. నేను ఇంటర్ పరీక్షలు రాసిన ఏడే అది! మన దాకా, అందులోనూ మా ఇంటి దాకా రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఖర్చు లక్షల్లోనే. మా వారు ప్లాటు అమ్మారు.

ఇది పెట్టించుకుంటే రోగం పోతుందని మాత్రం అనుకోకండి. సగంమందికి ఫిట్స్ సగానికి తగ్గుతాయి, అదీ నెలలు గడిచిన కొద్దీ. మాత్రలు మానడానికి లేదు. బ్యాటరీ కొన్నేళ్ళకు అయిపోతే మళ్ళీ కోసి మార్చాలి. నాకు పెట్టి నాలుగేళ్ళు. అంతకుముందు వారానికోసారి వచ్చేది, ఇప్పుడు నెలన్నరకు వస్తోంది. మిషను పనిచేసే ఆ అర నిమిషం నా గొంతు బొంగురు పోతుంది. కూరగాయల బేరంలో సరిగ్గా ధర తెగే సమయానికే పోతుంది, దానికేం తెలుసు!

ఇక గోదారి దగ్గరికి వద్దాం. ధర్మపురిలో గోదారి దక్షిణంగా పారుతుందని దీనికి విశేషం. అవతలి గట్టు మంచిర్యాల జిల్లా, ఒకప్పటి ఆదిలాబాద్. ఇవతల ఇప్పుడు జగిత్యాల జిల్లా. వానాకాలం ఎగువన శ్రీరాంసాగర్ గేట్లెత్తితే మెట్లు మునుగుతాయి గానీ, మేం పోయిన రోజు నీళ్ళు నిదానంగా ఉన్నాయి.

"ఇప్పుడు మిషను ఉన్నది గద బిడ్డా, ఒక్క మునుగు మునుగు. నేను పట్టుకుంట" అంది అత్తమ్మ.

నా ప్రాణం ఎంత లాగిందో చెప్పలేను. 1991 నుంచి లెక్క వేసుకోండి. కానీ డెబ్బై ఏళ్ళ మనిషి నన్నేం పట్టుకుంటుంది? మిషను ఉన్నా నీళ్ళలోకి దిగే ముందు అడగమని డాక్టరుగారు చెప్పారు. నేను అడిగి రాలేదు. అడిగితే వద్దంటారేమోనని అడగలేదు, అది నా తప్పే. ఆడబిడ్డ ఒకవైపు, చిన్నది ఒకవైపు కూర్చోగా నేను నీళ్ళు తగిలే మెట్టు మీద కూర్చున్నాను. అత్తమ్మ చెంబుతో ముంచి తల మీద పోసింది. సంకల్పం చెప్పుకుంటుంటే సగంలో గొంతు పోయింది. మిగతా సగం చిన్నది చెప్పింది. అలిగినట్టే ఉన్నాను కాసేపు, ఎవరి మీదనో తెలియదు.

నరసింహస్వామి దర్శనమయ్యాక పక్కనే రామలింగేశ్వరుడు, ఆ ఆవరణలోనే యమధర్మరాజు గుడి. గండాలు పోవాలని అక్కడి గండదీపంలో నూనె పోస్తారు. వరసలో నిలబడ్డప్పుడు నాకు కడుపులోంచి ఏదో పైకి లేచినట్టయింది, నాలుక మీద ఇనుము రుచి. నాకు ఫిట్ వచ్చే ముందు గుర్తు అదే. చిన్నదాని చెయ్యి నొక్కాను. అది నా సంచిలోంచి అయస్కాంతం తీసి, ఎడమ ఛాతీ మీద ఒక్కసారి అడ్డంగా తిప్పి తీసేసింది. అట్లా తిప్పితే మిషను అదనంగా ఒకసారి పనిచేస్తుంది. అలాగే పెట్టి ఉంచితే మాత్రం ఆగిపోతుంది. ఒక్కోసారి వచ్చే ఫిట్ దీనితో ఆగుతుంది, ఒక్కోసారి ఆగదు. ఆ రోజు ఆగలేదు.

తర్వాత జరిగింది నాకు తెలియదు, మా ఆడబిడ్డ చెప్పింది. చుట్టూ గుంపు చేరి ఒకరు తాళాల గుత్తి చేతిలో పెట్టబోయారట, ఒకరు పళ్ళ మధ్య చెంచా పెట్టమన్నారట. మా చిన్నది "ఏం పెట్టొద్దు, గాలి రానియ్యండి" అని నన్ను పక్కకు ఒత్తిగిలించి, తల కింద కొంగు మడిచి పెట్టి, సెల్లులో టైము చూస్తూ కూర్చుందట. అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకుపోవాలని దానికి తెలుసు. నిమిషంన్నరలో తగ్గింది. మునుపు నాలుగైదు నిమిషాలు పట్టేది.

కళ్ళు తెరిచేసరికి ఎవరో పెద్దావిడ, "పిల్ల ముందర గిట్ల పడితే దానికి సంబంధాలొస్తయా?" అంటోంది. నాకు లేచి జవాబు చెప్పే శక్తి లేదు. మీకు చెప్తున్నాను. మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళి చెల్లదనే మాటను హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారు. మా పెళ్ళి అంతకుముందే చూసుకుని ఉంటే ఏమయ్యేదోనని మా వారు ఇప్పటికీ నవ్విస్తారు. దాచి పెళ్ళి చేయలేదు మా నాన్న, ముందే చెప్పారు.

గంటసేపు మండపం నీడలో పడుకున్నాక ఆకలేసింది. సర్వపిండి తిన్నాం. నేను చిన్నచిన్న ముక్కలుగా నమిలి మింగుతాను, మిషను పనిచేసేటప్పుడు గొంతు బిగుసుకున్నట్టు ఉంటుంది. గండదీపంలో నూనె నా తరఫున ఆడబిడ్డ పోసి వచ్చింది. గుడి మైకు పెట్టెల దగ్గర మాత్రం నేను నిలబడను, వాటిలో పెద్ద అయస్కాంతాలుంటాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ మిషను ఉంటే ఇది గుర్తుంచుకోండి. ఆస్పత్రిలో స్కానింగుకు పోయినా, కరెంటు వైద్యానికి పోయినా ముందు కార్డు చూపించండి. అయస్కాంతాన్ని బ్యాంకు కార్డు ఉన్న పర్సులో పెట్టకండి, నేను ఒక కార్డు పాడుచేసుకున్నాకే తెలిసింది.

తిరుగు బస్సులో సీట్లు దొరికాయి. 2027లో మళ్ళీ పుష్కరాలొస్తాయి కదా, అప్పటికి డాక్టరును అడిగి ఉంచమని ఆడబిడ్డ అంటోంది. అత్తమ్మ ఏమీ మాట్లాడలేదు. పెళ్ళైన కొత్తలో నాకు ఫిట్ వస్తే పరుగెత్తి తాళాలు తెచ్చింది ఆమే. జగిత్యాల దాటాక మనవరాలి వైపు చెయ్యి చాపి, "ఆ అయస్కాంతం ఇటియ్యి పిల్లా, ఎట్ల తిప్పాలె నాకు చూపియ్యి" అంది.

చిన్నది చూపించింది. ఆమె దాన్ని చీర చెంగుకు ముడేసుకుంది.