జ్యూరిక్ గట్టుమీది గుమ్మటము

స్విట్జర్లాండు దేశమునందలి జ్యూరిక్ నగరము సరస్సుతీరమున వెలసినది. లిమ్మట్ నది యా సరస్సునుండి వెడలి, నగరమును రెండుగా విభజించుచు బాఱుచుండును. రైలుస్టేషనులో దిగిన యాత్రికుడు వంతెనమీద నిలిచి తూర్పుదిక్కునకు తలయెత్తినచో, గట్టుమీద నొక గొప్ప గుమ్మటము కంటబడును. తెలియనివారు దానిని దేవాలయమనియో, రాజభవనమనియో యనుకొందురు. ఆ దేశమున రాజులు లేరు. గుమ్మటము క్రింద నున్నది గుడియును గాదు. వంతెనలు కట్టుటను, యంత్రములు నిర్మించుటను, గణితమును, రసాయనశాస్త్రమును నేర్పెడి విద్యాపీఠ మది. దాని జర్మను పేరు మిక్కిలి పొడవైనది గావున ఊరివారు "ఏ టే హా" యని మూడక్షరములతో పిలుతురు. "పోలి" యను పాత ముద్దుపేరు గట్టెక్కెడి బండికిని, గట్టుమీది విశాలమైన యరుగునకును నేటికిని నిలిచియున్నది.

ఆ బండిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. సెంట్రల్ అను కూడలినుండి విద్యాపీఠము ముంగిటికి బోవు నీ చిన్న యెఱ్ఱబండికి "పోలిబాన్" అని పేరు. దారి పొడవు 176 మీటర్లు మాత్రమే. 1889వ సంవత్సరమున మొదట నడిపినపుడు దీనికి ఆవిరియు లేదు, విద్యుచ్ఛక్తియు లేదు. త్రాటి రెండు కొనలను రెండు బండ్లుండెను. పైబండి తొట్టిలో నీరు నింపగా నది బరువుచేత దిగుచు క్రిందిబండిని పైకి లాగెడిది. నూతిగిలకకు రెండు చేదలు కట్టినచో నొకటి దిగుచుండ నొకటి యెక్కును గదా, అట్లే. 1897లో దానికి విద్యుచ్ఛక్తి వచ్చినది. సెప్టెంబరు మధ్యమున శరత్కాలపు చదువులు మొదలైనపుడు ఆ బండిలో క్రిక్కిఱిసి నిలిచినవారిలో క్రొత్త విద్యార్థి యెవ్వరో, పరదేశమునుండి క్రొత్తగా వచ్చిన యాచార్యు డెవ్వరో పోల్చుకొనుట సులభము కాదు. ఇరువురికిని దారి క్రొత్తయే.

పరాయిదేశపు పండితులను పిలిచి పీటవేయుట యీ విద్యాపీఠమునకు పుట్టుకతో వచ్చిన యలవాటు. 1855లో ఇది తలుపులు తెఱచినపుడు ఆ చిన్నదేశమున ఇనుపదారులు వేయుటకును, కొండలోయలపై వంతెనలు కట్టుటకును నేర్పరులు కావలసియుండిరి. అదేకాలమున జర్మను రాజ్యములలో 1849నాటి విప్లవము విఫలమై, దానిలో పాల్గొన్న విద్వాంసులు నెలవు తప్పి తిరుగుచుండిరి. డ్రెస్డెను నగరమున తిరుగుబాటువారి పక్షము వహించి దేశము విడిచిన వాస్తుశిల్పి గాట్‌ఫ్రీడ్ సెంపర్ ఇచట ఆచార్యుడయ్యెను. 1864లో పూర్తియైన ప్రధానభవనము ఆయన కల్పనయే. నేడు కనబడు గుమ్మటము మాత్రము 20వ శతాబ్దమున గుస్టావ్ గుల్ అను శిల్పి చేర్చినది. అదే తిరుగుబాటులో చేరినందున స్వదేశమున ఉపాధ్యాయపదవికి దూరమైన గుస్టావ్ జాయ్‌నర్ ఇచట యంత్రశాస్త్రము బోధించెను. ఒక రాజ్యము కాదన్నవారిని ఇంకొక రాజ్యము గురువులుగా జేసికొనినది.

కార్ల్ కుల్మాన్ అనునతడు బవేరియా రాజ్యపు టుద్యోగి. ఇంగ్లండును, అమెరికాను తిరిగి వంతెనలు పరిశీలించి వచ్చినవాడు. 1855లోనే ఇచట చేరి, 1881లో మరణించువఱకు ఈ యూరనే యుండెను. కట్టడములో నే దూలముమీద నెంత బరువు పడునో లెక్కలతో గాక గీతలతో తేల్చు విద్యను ఆయన వృద్ధిచేసెను. ఒకనాడు శరీరశాస్త్రజ్ఞుడగు హెర్మన్ ఫాన్ మేయర్ తొడయెముకను నిలువునకోసి లోపలి సన్నని పేటులను చూపగా, కుల్మాన్ అందు తాను బరువులెత్తు యంత్రములకు గీసెడి గీతలనే కనుగొనెనట. ప్రకృతియు తక్కువ వస్తువుతో నెక్కువ బరువు మోయు నుపాయ మెఱిగినదే యని యిరువురును సంతోషించిరి. కుల్మానుయొద్ద చదువుకొన్న మారిస్ కోష్లిన్ తరువాత పారిసునగరపు ఈఫెల్ గోపురమునకు నిర్మాణపు లెక్కలు కట్టినవారిలో ముఖ్యుడు.

మఱియొకరు ఆరెల్ స్టోడోలా. నేటి స్లొవాకియాలోని లిప్టోవ్‌స్కీ మికులాష్ అను నూర 1859లో జన్మించి, ఇచటనే చదివి, 1892లో 33 ఏండ్ల ప్రాయమున ఇచటనే యాచార్యుడై, 1929 వఱకు బోధించెను. ఆవిరిటర్బైనులను గూర్చి యాయన వ్రాసిన గ్రంథము 1903లో వెలువడి, దేశదేశముల యింజనీర్లకు పాఠ్యమయ్యెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున చేతులు తెగిన సైనికులకొఱకు, శస్త్రవైద్యుడు సౌవర్‌బ్రుఖ్‌తో కలసి కృత్రిమహస్తము కల్పించుటకును పూనుకొనెను. 1939లో నూషాటెల్ నగరమున విద్యుచ్ఛక్తికై నెలకొల్పిన వాయుటర్బైనును పరీక్షించునప్పటి కాయనకు 80 ఏండ్లు. 1942లో జ్యూరిక్‌నందే కన్నుమూసెను.

నేటికిని ఆ యాచారము మాఱలేదు. ఆచార్యులలో సగముకంటె నెక్కువమంది యితరదేశములనుండి వచ్చినవారే. విద్యాపీఠాధ్యక్షుని సిఫారసుపై పాలకమండలి వీరిని నియమించును. క్రొత్తగా చేరినవారు తొలి సంవత్సరములలో నొక సాయంకాలమున ప్రధానభవనపు పెద్దసభాశాలలో ప్రవేశోపన్యాస మియ్యవలెను. ఆ సభకు తోడి యాచార్యులే గాక ఊరివా రెవ్వరైనను రావచ్చును; రుసుము లేదు. కొండచరియ యెట్లు జారునో, సన్నని లోహపుతీగ యెంత బరువు నోర్చునో క్రొత్తయాచార్యుడు సామాన్యులకు తెలియునట్లు చెప్పవలెను. నీకు జీతమిచ్చెడి జనులకు నీవు చేయు పని యేమో నీనోటనే చెప్పుమని యడుగుట యిందలి భావము. చక్కని పద్ధతి గదా!

సభ ముగిసినతరువాత సంసార మారంభమగును. మన పాఠకురాండ్రకు అసలు ముచ్చట యిదియే. మొదటి చిక్కు భాష. పైతరగతుల పాఠములు చాలవఱకు ఇంగ్లీషున జరుగును గాని, తొలి పట్టపు తరగతులలో జర్మనుభాషయే యెక్కువ. ఆ జర్మను నేర్చి అంగడికి పోయినచో అచట వేఱొక భాష వినబడును! వ్రాతకు గ్రంథభాష, మాటకు జ్యూరిక్ మాండలికము. గ్రాంథికవ్యావహారికముల తగవులెఱిగిన తెలుగువారి కిది వింతగాదు. ఐనను అచట తగవు లేదు, రెంటికి రెండు తావులు. రెండవ చిక్కు చాకిరేవు. పెక్కిండ్లలో నొక భవనమునందలి కుటుంబములన్నిటికిని బట్టలుతుకు గది యొక్కటియే; వంతుల పట్టిక గోడమీద నుండును. వంతు తప్పినచో పొరుగుతో మాట పట్టింపు తప్పదు. ఆదివారమున అంగళ్లు చాలవఱకు మూసియుండును. మేకు కొట్టు చప్పుడుకూడ చేయరాదు. చెత్తకు నగరము వా రమ్ము సంచులనే వాడవలెను; ఆ వెలలోనే చెత్త తీసికొనిపోవు ఖర్చు చేరియుండును.

బిడ్డలు నాలుగేండ్లు నిండగానే శిశుపాఠశాలకు పోవుదురు. మెడలో మెఱయు పట్టీ వేసికొని తల్లితండ్రుల తోడు లేకయే నడచిపోవుట యచటి మర్యాద. క్రొత్తగా వచ్చిన తల్లికి మొదటి వారము గుండె దడదడలాడును. మధ్యాహ్నమున పిల్లలు భోజనమున కింటికి వచ్చుట పూర్వపుటలవాటు. అనగా ఇంట నొకరు వంటచేసి కనిపెట్టుకొని యుండవలెనన్నమాట! భార్యాభర్త లిరువురును ఉద్యోగము చేయు కాలమున ఇది పెద్దభారమై, ఇప్పుడు పగలంతయు పిల్లల నుంచుకొను బడులు నగరమున హెచ్చుచున్నవి. శాకాహారుల కొక శుభవార్త: 1898లో స్థాపించిన హిల్ట్ అను శాకాహారశాల యీ యూరనే యున్నది. ఆ యింటి కోడలు మార్గ్రిట్ హిల్ట్ గత శతాబ్దపు యేబదులలో ఢిల్లీకి వచ్చి మన వంటలయందు మక్కువపడి, వానిని తమ వంటశాలలో ప్రవేశపెట్టెను.

ఇక స్త్రీలమాట. పరదేశపు పురుషులకు 1855లోనే తెఱచిన ద్వారము, స్వదేశపు స్త్రీలకు చాలకాలము సగమే తెఱచియుండెను. ఇచట చేరిన మొదటి విద్యార్థిని రష్యాదేశపు నదెజ్దా స్మెట్‌స్కాయా; 1871లో యంత్రశాస్త్రము చదువుటకు వచ్చినది. 1896లో ఐన్‌స్టీనుతో నొకే తరగతిలో చేరిన మిలేవా మారిచ్ ఆ తరగతికంతటికిని ఏకైక కన్య. దేశవ్యవహారములలో స్విస్ స్త్రీలకు ఓటుహక్కు వచ్చినదే 1971లో. 1985లో గాని యీ విద్యాపీఠమున స్త్రీ పూర్ణాచార్యపదవి నందలేదు. ఆమె వాస్తుశిల్పి ఫ్లోరా రుషా-రొంకాటి, ఇటాలియనుభాష మాటలాడు దక్షిణప్రాంతపు టాడుపడుచు. బెల్లింజోనా పట్టణమునందలి యీతకొలనుల నిర్మాణమున పాలుగొన్నది. పట్టణమునుండి నదివఱకు ఎత్తున వంతెనవలె సాగు కాలిబాటయే యా కట్టడపు టందము. 1997లో ఇంగ్లండునుండి సారా స్ప్రింగ్‌మన్ వచ్చి, నేల స్వభావమును, మంచుతో గడ్డకట్టిన కొండచరియల నిలుకడను పరిశోధించు ఆచార్యురాలైనది. పరదేశినిగా వచ్చిన యామెయే 2015 నుండి 2022 వఱకు రెక్టరు పదవి నలంకరించి విద్యాబోధన కంతటికిని బాధ్యత వహించినది.

సోదరీమణులారా! తెలుగిండ్ల బిడ్డలును నేడు విద్యకును ఉద్యోగమునకును దూరదేశముల కేగుచున్నారు. వారికి పేరుగల విద్యాపీఠము దొరకినదని సంతోషించునపుడు, ఆ యూరివారు క్రొత్తవారికి దేని నిత్తురు, దేని నియ్యరు అనికూడ విచారింపవలెను. జ్యూరిక్ క్రొత్తవారికి పనిముట్లను, పరిశోధనశాలను, వినుటకు సభను ఇచ్చును. చెలిమిని మాత్రము త్వరపడి యియ్యదు, దానికి భాషయు, కాలమును, బట్టల వంతు తప్పకుండుటయు కావలెను. కుల్మాను, స్టోడోలా మొదలగువారు ఆ కాలమును ఓర్పుతో గడపిరి గనుకనే వారి విద్య ఆ దేశపు సొత్తయ్యెను. నేటి యాచార్యురాలు ప్రవేశోపన్యాసమునకు లేచి నిలుచునపుడు, ముందువరుసలో కూర్చుండిన భర్తయు బిడ్డలును కూడ ఆ యూర క్రొత్తగా చేరినవారే. వారి వేళ్లు నాటుకొన్ననే యామె పనియు అచట నిలుచును.